ముందు మెట్లదారి చూడండి

హైదరాబాద్‌లోని కర్మన్‌ఘాట్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలో కోచింగ్ కోసం వచ్చిన పిల్లలుండే హాస్టళ్లలో చాలా వరకు కుటుంబాల కాపురానికి కట్టిన ఇళ్లే. ఇలాంటి చోట అగ్నిప్రమాదం అనగానే మనకు వంటగది సిలిండర్ గుర్తొస్తుంది. అంతకంటే ముందు చూడాల్సింది మెట్లదారి. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్ రూబీ లాడ్జిలో మంట పుట్టింది కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు ఉంచినచోట. పొగ మెట్ల గుండా పైకెక్కి గదులను కమ్మేసింది. ఎనిమిది మంది పోయారు. 2023 మార్చిలో సికింద్రాబాద్‌లోనే స్వప్నలోక్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదంలో ఆరుగురు యువతీయువకులు పొగకే ఊపిరాడక చనిపోయారు. అందుకే ఒకే మెట్లదారి ఉన్న హాస్టల్లో ఆ మెట్ల కింద మీటర్ బోర్డు, పక్కనే ఛార్జింగ్‌లో స్కూటర్, పాత పరుపులు ఉంటే, నా దృష్టిలో అది సిలిండర్ కంటే పెద్ద ముప్పు.

ఖర్చు పెరిగితే ఆ భారం పిల్లల మీదే పడుతుందని యజమానులంటారు. రెండో మెట్లదారి కట్టే విషయంలో అది నిజమే. కానీ ఛార్జింగ్‌ను ఆరుబయటికి మార్చడానికి, వాటర్ హీటరూ ఇండక్షన్ పొయ్యీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించకుండా చూడటానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. రాత్రిపూట బయటపడే దారిని మూసేసే గేటు తాళం ఆడపిల్లల భద్రత కోసమేనంటారు. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. అయినా బయటివాళ్లను ఆపుతూనే, లోపలివాళ్లు తాళంచెవి లేకుండా తీసుకోగల లాక్‌లు బజారులో దొరుకుతున్నాయి. ట్రేడ్ లైసెన్సు రెన్యువల్‌కు మున్సిపల్ అధికారులు ఈ కొద్దిపాటి మార్పులనే షరతుగా పెట్టాలి. తనిఖీ మాత్రం పట్టపగలు కాదు, గేటుకు తాళం పడ్డాక జరగాలి.