చెంబు వారసత్వం కాదా?

గత ఉగాదికి మన ప్రాంతంలో జరిగిన ఒక చిత్రలేఖన పోటీలో ‘మన వారసత్వం’ అన్నది అంశం. పధ్నాలుగేళ్ళ బాలిక ఒకతె తన అమ్మమ్మ మరచెంబును తైలవర్ణాలలో చిత్రించి తెచ్చింది. బల్ల అంచున చెంబు, పక్కన విప్పి పెట్టిన మర మూత, మెడ దగ్గర ఒక సొట్ట. చిత్రంలో ఉన్నది ఇంతే. న్యాయనిర్ణేతలు పనితనాన్ని మెచ్చుకున్నారు. అంశానికి చెందదని పక్కన పెట్టారు. దశావతారాలకు, కూచిపూడి భంగిమకు, చార్మినారుకు బహుమతులు దక్కాయి. ఆ పిల్లల శ్రమను మేము తక్కువ చేయము. కాని ఆ తీర్పును మాత్రం అంగీకరించలేము.

శనివారం ఉదయాలలో ఆలయ భోజనశాల పక్క గదిలో పిల్లలూ పెద్దలూ కలిసి బొమ్మలు వేసుకునే కొద్దిమందిమి మేము. స్టిల్ లైఫ్ అని ఇక్కడివారు పిలిచే వస్తుచిత్రం మా అభ్యాసం. జాడీ, కవ్వం, లాంతరు, పోపుల పెట్టె, తాళం పోయిన ట్రంకు పెట్టె మా నమూనాలు. ‘ఈ పాత సామాను బొమ్మలెందుకు, దేవుడి బొమ్మ నేర్పరాదా’ అని మమ్ములను అడిగేవారు ఎందరో. వారికి మా సమాధానం ఇది.

మొదటి ఆక్షేపణ: వంటింటి వస్తువు వారసత్వం కాదు. బాలకృష్ణుని రోటికి కట్టిన యశోదను చిత్రిస్తే ఏ పోటీలోనైనా స్వీకరిస్తారు. ఆ చిత్రం నుంచి యశోదను, కృష్ణుని తొలగించి రోలును మాత్రమే ఉంచితే అది వారసత్వం కాకుండా పోతుందా? ఆయుధపూజ నాడు పనిముట్లకు పసుపు కుంకుమలు పెట్టి నమస్కరించే సంప్రదాయం మనది. పూజకు అర్హమైన వస్తువు చిత్రానికి అనర్హమెలా అవుతుంది? 

రెండవ ఆక్షేపణ: తైలవర్ణం, వస్తుచిత్రం పాశ్చాత్యుల విద్యలు. మన పూజామందిరాలలోని లక్ష్మీ సరస్వతుల రూపాలు ఎక్కడివి? 1848లో కిళిమానూరులో జన్మించిన రాజా రవివర్మ ఆ దేవతలను తైలవర్ణాలలోనే చిత్రించారు. 1894లో బొంబాయిలో నెలకొన్న ఆయన ముద్రణాలయం ఆ రూపాలను ఇంటింటికీ చేర్చింది. దేవతకు మైల కాని నూనె రంగు చెంబుకు మైల కాజాలదు.

నిజానికి పాశ్చాత్యమైనది ఆ న్యాయనిర్ణేతల తీర్పే. 1667లో ఫ్రెంచి చిత్రకళా పరిషత్తు తరఫున ఫెలిబియెన్ అనే పండితుడు చిత్రాలకు అంతస్తులు కట్టాడు. పురాణ, చరిత్ర ఘట్టాలను శిఖరాన నిలిపి, పండ్లను, పాత్రలను అట్టడుగున కూర్చోబెట్టాడు. అదే పరిషత్తులో 1728లో సభ్యుడైన షార్డాఁ వంటింటి రాగి నీళ్ళ తొట్టిని చిత్రించాడు. ఆ చిత్రం నేడు లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉంది. ఐరోపావారు ఏనాడో సడలించుకున్న వర్ణవ్యవస్థను మనం న్యూజెర్సీలో పిల్లల మీద అమలు జరుపుతున్నాము.

మనం స్థిరపడిన ఈ దేశం సైతం పాత వస్తువును చిన్నచూపు చూడలేదు. రవివర్మ పుట్టిన ఏడాదే ఐర్లండులో పుట్టి, పసితనంలోనే ఫిలడెల్ఫియా చేరిన విలియం హార్నెట్ 1886లో ‘పాత వయొలిన్’ అనే చిత్రం వేశాడు. తలుపుకు వేలాడుతున్న ఒక వయొలిన్, వెనుక సంగీతం రాసిన కాగితం, తుప్పు పట్టిన బందులు. ఆ ఏడు సిన్సినాటి ప్రదర్శనలో జనం నిజమో కాదో తేల్చుకోవడానికి తాకబోతుంటే పక్కన కాపలా పెట్టవలసి వచ్చింది.

మరింత చేరువైన ఉదాహరణ జాన్ పీటో. ఆయన 1889లో మన న్యూజెర్సీలోని ఐలండ్ హైట్స్‌లో ఇల్లు కట్టుకుని, అట్టలూడిన పుస్తకాలను, మసిబారిన దీపాలను, అరిగిన కప్పులను చిత్రిస్తూ కాలం గడిపాడు. 1907లో మరణించేనాటికి ఆయన పేరు తెలిసినవారు తక్కువ. తరువాత కొందరు వ్యాపారులు ఆయన చిత్రాలపై హార్నెట్ దొంగ సంతకాలు చేర్చి అమ్మారు. దశాబ్దాల పిమ్మట ఆల్‌ఫ్రెడ్ ఫ్రాంకెన్‌స్టీన్ అనే విమర్శకుడు చిత్రాలను పోల్చి, ఆ ఇంట్లో మిగిలిన వస్తువులనూ చూసి నిజం నిగ్గుతేల్చాడు. చిత్రంలోని సామాను ఇంట్లో మిగిలి ఉన్నది గనుక చిత్రకారుని పేరు ఆయనకు తిరిగి దక్కింది. ఆ ఇల్లు నేడు ప్రదర్శనశాల. మన పిల్లలను ఒక్కసారి అక్కడికి తీసుకువెళ్ళండి.

మూడవ ఆక్షేపణ: ఫోను ఉండగా ఇంత శ్రమ ఎందుకు? ఫోటో తీయడానికి ఒక క్షణం చాలు. ఆ క్షణంలో మనం వస్తువును చూడము. ఇత్తడి పసుపు రంగు అనుకుని మొదలుపెట్టిన పిల్ల మొదటి గంటలోనే తడబడుతుంది. చెంబు పొట్టలో కిటికీ నీలం, బల్ల గోధుమ, తన చొక్కా ఎరుపు కనిపిస్తాయి. నీడవైపు ఆకుపచ్చ కలిసిన నలుపు. నికార్సయిన పసుపు వేలెడంత చోట కూడా ఉండదు. అవిసె నూనెలో కలిపిన రంగు ఆరడానికి రోజులు పడుతుంది. ఒక పొర ఆరితేగాని దానిపై మరొకటి నిలవదు. అందువల్ల ఒక చెంబుతో ఆరేడు వారాలు కాపురం చేయవలసిందే.

ఆ వారాలలోనే ప్రశ్నలు పుడతాయి. ఇత్తడి గిన్నె లోపల తెల్లగా ఎందుకుంది? పులుపు తగిలితే వంట చెడకుండా తగరంతో కళాయి పూయించేవారు గనుక. ఈ మూడు పాత్రలూ ఒకే ఆకారంలో చిన్నా పెద్దగా ఎందుకున్నాయి? అవి కొలతలు గనుక: రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. సమాధానం చెప్పడానికి తాతయ్యో నాయనమ్మో పక్కన కూర్చోవాలి. ఆంగ్లంలో మనవలతో రెండు మాటలకు మించి సాగని పెద్దలు ఆ గదిలో గంటసేపు తెలుగులో మాట్లాడడం మేము చూశాము.

ఒక్క ఆక్షేపణను మాత్రం మేము శిరసావహిస్తాము. పాత వస్తువుల మీది మోజు పాత కష్టాన్ని కప్పిపుచ్చుతుందని మా బృందంలోని ఒక పెద్దావిడ హెచ్చరించారు. తిరగలి ముందు తెల్లవారుజామునే కూర్చున్న కోడళ్ళెవరూ దానిని కళాఖండమనుకోలేదు. ఇది సత్యం. అందుకే చింతపండుతో తోమి తళతళలాడించి, పూలు చుట్టి, పండుగనాడు వేదికపై నిలిపే అలంకారానికి మేము విరోధులము. అరిగిన పిడిని అరిగినట్లే, మాటు వేసిన చోటును మాటుతోనే చిత్రించమంటున్నాము. ఏ చేయి అరగదీసిందో ఆ పిడి చెబుతుంది. బిందె పక్కన పువ్వు పెట్టి మెరిపించే చిత్రం ఆ చేతిని చెరిపివేస్తుంది.

ఇక ఆ మరచెంబు సంగతి. దాని భుజం మీద చుక్కచుక్కలుగా చెక్కిన తెలుగు అక్షరాలు ఉన్నాయి. తెలుగు చదవడం రాని ఆ బాలిక వాటిని అక్షరాలుగా కాక గీతలుగా, ఒక్కొక్క చుక్కనే చూసి దించింది. పూర్తయిన తరువాత అమ్మమ్మకు చూపి ఇదేమిటని అడిగింది. అది అమ్మమ్మ తల్లి పేరు. పెళ్ళినాడు పుట్టింటివారు ఇచ్చిన చెంబు. ఆ ముత్తమ్మమ్మ పేరు ఆ బాలిక అంతవరకు విననేలేదు. అంశానికి చెందదని పక్కన పెట్టినది ఆ చిత్రాన్నే.

ఇంటి పెద్దలు కన్నుమూసినప్పుడు, ఇల్లు మారినప్పుడు ఇటువంటి చెంబులు గ్యారేజ్ సేల్ బల్లల మీదికి చేరుతున్నాయి. కొన్నవారు వాటిలో గొడుగులు నిలుపుకుంటారో, మొక్కలు నాటుకుంటారో మనకు తెలియదు. అన్నింటినీ దాచుకునే చోటు ఏ ఇంటికీ లేదు. కాని వదులుకునే ముందు ఒకసారి నిదానంగా చూడవచ్చు.

కనుక పోటీల నిర్వాహకులకు మా విన్నపాలు మూడు. వారసత్వ చిత్రలేఖనంలో వస్తుచిత్రానికి ప్రత్యేక విభాగం కల్పించండి. అంతర్జాలంలోని బొమ్మకు నకలుగా కాక, ఎదుట ఉన్న వస్తువును చూసి వేయాలని నియమం పెట్టండి. ఆ వస్తువు ఎవరిది, ఏ ఊరిది, దేనికి వాడేవారో నాలుగు పంక్తులు తెలుగులో జతచేయమనండి. పాఠకులకు మా ఆహ్వానం ఒక్కటే. రాబోయే శనివారం మీ ఇంట్లోని ఒక పాత వస్తువును, దాని సంగతి తెలిసిన పెద్దలను వెంటబెట్టుకుని రండి. దయచేసి తోమి తేవద్దు.