గ్రీన్ టీ తాగితే పొట్ట తగ్గుద్దా? నా బొంద!

రోజూ సాయంత్రం నాలుగింటికి మా ఆఫీసు పాంట్రీలో ఒక దృశ్యం. పొట్టలున్న మగాళ్ళందరం (నేనూ ఉన్నాను, దాచుకోడమెందుకు) వరసగా నిలబడి వేణ్ణీళ్ళ కప్పులో ఆకుపచ్చ సంచీ ముంచుతూ ఉంటాం. మొహాలు ఆముదం తాగుతున్నట్టు. రెండో చేతిలో మాత్రం సమోసాల ప్లేటు! అదేంటి గురూ అంటే, "గ్రీన్ టీ తాగుతున్నాగా, బేలన్స్ అయిపోద్ది" అంటాడు మా వాడొకడు.

లెక్కల మీద బతికేవాళ్ళం, ఈ ఒక్క లెక్క ఎందుకు చెయ్యమో నాకర్థం కాదు.

2006 చివర్లో కోకాకోలా, నెస్లే కలిసి అమెరికాలో ఎన్విగా అని ఒక డ్రింకు దించాయి. గ్రీన్ టీ సారం, దానికి తోడు కెఫీన్. తాగితే కేలరీలు ఖర్చవుతాయని ప్రచారం. ఎన్నట? రోజుకి మూడు డబ్బాలు తాగితే 60 నుంచి 100. అమ్ముకునేవాడు గొప్పగా చెప్పుకుంటేనే ఇంత! అదీ అబద్ధమేనని అక్కడి రాష్ట్రాల అటార్నీ జనరళ్ళు వెంటపడితే 2009లో ఆరున్నర లక్షల డాలర్లు కట్టి రాజీ పడ్డారు.

పోనీ ఆ వందా నిజమే అనుకుందాం. కిలో కొవ్వంటే సుమారు 7,700 కేలరీలు. అంటే 77 రోజులకి ఒక కిలో. మీ ప్లేటులో సమోసాలు ఆ వందని ఒక్క పూటలో మింగేస్తాయి.

2012లో కాక్రేన్ వాళ్ళు 18 ప్రయోగాలు తిరగేశారు. జపాన్ బయట జరిగినవి కలిపి చూస్తే తగ్గిన బరువు సగటున 0.04 కిలో. 40 గ్రాములు! మెళ్ళో ఐడీ కార్డు తీసేస్తే అంత తగ్గుతాం. జపాన్‌లో జరిగినవాటిలో కొంచెం ఎక్కువే వచ్చింది గానీ, ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేక వాటిని కలపనేలేదు.

"మా ఫ్రెండు నాలుగు కిలోలు తగ్గాడు మరి" అంటారా? ఆ మహానుభావుడు రోజుకి నాలుగు పాల టీలు మానేశాడు. ఎనిమిది చెంచాల పంచదార, పంచదారే దాదాపు 130 కేలరీలు. వాటి బదులు మంచినీళ్ళు తాగినా తగ్గేవాడు.

సరే, నష్టమైతే లేదుగా అంటారు. ఇక్కడే నాకు మండుతుంది. మా అక్కా మన ఫీల్డే. రెండో కాన్పు తర్వాత బరువు తగ్గాలని అన్నం తిన్న వెంటనే గ్రీన్ టీ మొదలెట్టింది. ఐరన్ మాత్ర కూడా దాంతోనే! మెట్లెక్కితే ఆయాసమని పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.6. టీలో ఉండే పాలీఫినాళ్ళు ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుముని ఒంటికి సరిగా అందనివ్వవు. అక్క రక్తహీనతంతా టీ వల్లే అనను, తను తినేది కూడా పిట్ట తిండి. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్న దేశంలో "పోయేదేముంది" అని సలహా పారేయడం ఏం న్యాయం?

మొన్న మా హెచ్చార్ వాళ్ళు వెల్‌నెస్ వీక్ అని డెస్కు డెస్కుకీ ఒక గ్రీన్ టీ డబ్బా పంచారు. అదే వారం రాత్రి పదిన్నరకి క్లయింటు కాల్ పెట్టారు. కాల్ అయ్యాక పన్నెండింటికి బిర్యానీ, ఒంటిగంటకి నిద్ర, పొద్దున తొమ్మిదికి మళ్ళీ కుర్చీ. పొట్ట ఎక్కణ్ణుంచి వస్తోందో తెలీదా వీళ్ళకి? కాల్ టైము మార్చడం కష్టం, డబ్బా కొనడం తేలిక.

నా డబ్బా సీలు తియ్యకుండా డెస్కు మీదే ఉంది. రుచి నచ్చి తాగేవాళ్ళుంటే పట్టుకెళ్ళండి, కాకపోతే భోజనానికీ దానికీ ఓ గంట ఎడం ఉంచండి. కాల్ ఎనిమిదికి జరపమని మేనేజరుకి మెయిల్ కొట్టాను. నాలుగు రోజులైంది, రిప్లై లేదు.