ముసలితనం అందరికీ ఒకే ఏట రాదు

పోయిన సమావేశంలో అరవై దాటినవారికి వైద్య శిబిరం పెట్టాలని అనుకున్నాం. మంచి పని. కానీ ఆ అరవై అన్న గీత మీద మాకు అభ్యంతరం ఉంది. కొంచెం పొడుగ్గా రాస్తున్నాం, ఓపికతో చదవండి.

రైల్వేలో మా ఉద్యోగమంతా పుట్టిన తేదీల మధ్యే గడిచింది. సర్వీస్ రిజిస్టర్‌లో ఏముంటే మనిషి వయసు అదే. మా తేదీకి తమిళ బడి ఇచ్చిన సర్టిఫికెట్ సాక్ష్యం. గోండ్‌పిప్రి చుట్టుపక్కల ఊళ్లలో గోండు ముసలివాళ్ల ఆధార్ కార్డులు ఒకసారి చూడండి, చాలావాటిలో జనవరి 1 ఉంటుంది. బడికి పోని మనిషికి ఏడాది అంచనాగా వేశారు, మిగతాది కంప్యూటర్ నింపింది. ఆ అంచనాను బట్టే ఇప్పుడు అన్నీ. శ్రావణ్‌బాళ్ పింఛనుకు 65. ఎస్టీ బస్సులో 65కి సగం టికెట్టు, 75కి ఉచితం. 2024 అక్టోబర్ 29న మొదలైన వయ వందన కార్డుకు 70.

ఆ ఏళ్ల దాకా ఉండేది ఎవరు? 2022లో ఒక పరిశోధన వచ్చింది. తొమ్మిది రాష్ట్రాల లెక్కలు తీసి చూస్తే, పై కులాల హిందువుల కంటే ఆదివాసీల ఆయుర్దాయం నాలుగేళ్లకు పైగా తక్కువ, దళితులది మూడేళ్లకు పైగా తక్కువ. పేదరికం వల్లే అనుకుందామంటే, తేడాలో సగం కూడా దానితో తేలలేదు. మన మహారాష్ట్ర ఆ తొమ్మిదిలో లేదు. అయితే ఎండల్లో తునికాకు, వానల్లో నాట్లు, ఏడాది పొడుగునా వంగిన నడుము ఇక్కడా ఉన్నవే. యాభై ఏళ్ల కూలి మనిషిని, పింఛను తీసుకుని నీడలో కూర్చున్న మమ్మల్ని పక్కపక్కన నిలబెడితే ఎవరు పెద్దో మీరే చెప్పండి.

సికిల్‌సెల్ సంగతి ఇంకా అన్యాయం. మన జిల్లాలో గోండుల్లో, మహర్లలో ఉన్న జబ్బు ఇది. 2023 జూలైలో కేంద్రం పెట్టిన మిషన్ కింద నలభై ఏళ్ల లోపువారికే పరీక్ష. పెళ్లి కావలసినవాళ్లకు, పిల్లలకు ముందు చేయాలన్నది సబబే. కానీ యాభై ఏళ్ల మనిషికి తుంటి ఎముక అరిగి నొప్పి పెడుతుంటే, అది వాతమని నూనె రాసుకుంటాడు. జబ్బు పేరు తెలియకుండానే పోతాడు.

అమెరికాలో 1965లో మెడికేర్ పెట్టినప్పుడు ఆసుపత్రులకు ఒక షరతు పెట్టారు: నల్లవారికి వేరే వార్డు ఉంటే బిల్లు చెల్లించం. చాలా ఆసుపత్రుల్లో కొన్ని నెలల్లోనే వేరే వార్డులు పోయాయి. (బిల్లు ఆపితే ఏ ఆఫీసైనా దారికొస్తుంది, అది మాకు తెలిసిన విషయమే.) కానీ మెడికేర్‌కు వయసు 65. అప్పటి నల్లజాతి మగవారి సగటు ఆయుర్దాయం అంతకంటే తక్కువ. జీతంలోంచి పన్ను కట్టారు, చాలామంది కార్డు చూడకుండానే పోయారు.

అందరికీ ఒకే వయసు పెట్టడమే న్యాయం అనేవారికి ఒక మాట. రైల్వే టికెట్టు రాయితీ మగవారికి 60, ఆడవారికి 58 ఉండేది, 2020 మార్చిలో ఆపేదాకా. ఎవరూ గొడవ చేయలేదు. 2024లో జార్ఖండ్ ఆదివాసీలకు, దళితులకు పింఛను వయసు 50కి దించింది.

పేదలకు ఆసుపత్రి కార్డు ముందే ఉంది కదా అంటారు. అది ఆసుపత్రిలో చేరితే పనికొస్తుంది. నెలనెలా బీపీ మాత్రకు, కళ్లద్దాలకు పనికిరాదు.

ఇక కొందరు లోపల అనుకునేది మేమే బయటికి చెబుతాం: ఇది మన తెలుగువాళ్ల సంఘం, డబ్బు మనది, గోండులకు ఎందుకు? మన పొలాల్లో నాట్లు వేసి నడుము విరగ్గొట్టుకున్నది ఎవరు? మన తెలుగువాళ్లలోనే దళితవాడల్లో ఉన్నవారి సంగతేమిటి?

కాబట్టి మేము అడిగేది ఇది. శిబిరంలో ఆదివాసీ, దళిత కూలీలకు వయసు 45 పెట్టాలి, ఆధార్‌లో ఏడాది చూడకూడదు. వారికి సికిల్‌సెల్ పరీక్ష కూడా ఉండాలి. డాక్టరు పక్కన గోండీ తెలిసిన మనిషి కూర్చోవాలి. మాకు నొప్పి చెప్పుకోవడానికి తెలుగు, తమిళం, హిందీ, మరాఠీ ఉన్నాయి. ఆ అవ్వకు ఉన్నది గోండీ ఒక్కటే, డాక్టరుకు అది రాదు. మీ ఊళ్లో గోండీ, మరాఠీ రెండూ బాగా వచ్చినవారుంటే వచ్చే సమావేశంలోపు పేర్లు చెప్పండి. వారికి రోజు కూలి సంఘం ఇవ్వాలి, ఊరికే పిలవకూడదు.