కాపురానికి జీతపు తూకమా?

ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాను. నా చేతుల మీదుగా వెళ్లిన ఆదాయ ధృవీకరణ పత్రాలకు లెక్క లేదు. రేషన్ కార్డు కోసం వచ్చినా, విద్యార్థి వేతనం కోసం వచ్చినా, షాదీ ముబారక్ కోసం వచ్చినా మా కాగితంలో ప్రశ్న ఒక్కటే: నీ ఆదాయం ఫలానా అంకెకు మించలేదు కదా? పదవీ విరమణ తర్వాత దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ ప్రాంతాల్లో మన వాళ్ల కాగితాలు చూసి పెట్టే పని పెట్టుకున్నాను. ఇప్పుడు నా ముందుకు వస్తున్న దరఖాస్తుల్లో అదే ప్రశ్న తలకిందులై కనిపిస్తున్నది. నీ ఆదాయం ఫలానా అంకెకు తగ్గలేదు కదా? తగ్గితే నీ భార్య నీ దగ్గరికి రాదు, నీ బిడ్డ నీ దగ్గరికి రాడు.

గత రంజాన్‌లో తరావీహ్ ముగిసి మస్జిద్ మెట్లు దిగుతుండగా కొత్తపేటకు చెందిన ఒక తండ్రి నా చేతిలో ఒక ఫైలు పెట్టాడు. "చాచా, మీరు ఒక్కసారి చూడండి, ఇందులో తప్పెక్కడుందో నాకు అర్థం కావడం లేదు" అన్నాడు. ఇంటికి తీసుకువెళ్లి సహర్ వేళ దాకా చదివాను. తప్పెక్కడా లేదు. అమ్మాయి బీకాం చదివింది, ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు కార్యాలయంలో లెక్కలు చూస్తున్నది. 2023 డిసెంబరులో మేనత్త కొడుకుతో నికాహ్ జరిగింది. అబ్బాయి ఇంగ్లాండులో పుట్టి పెరిగినవాడు, అక్కడి పౌరుడు, గోదాములో పని. జీతం ఏడాదికి పాతిక వేల పౌండ్లకు కాస్త తక్కువ. నికాహ్ నాటికి బ్రిటన్ నిబంధన ప్రకారం భార్యను పిలిపించుకోవడానికి భర్తకు ఉండవలసిన ఆదాయం 18,600 పౌండ్లు. అంటే అతనికి అర్హత ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు సవరణ, ఇంగ్లీషు పరీక్ష, క్షయ పరీక్ష అంటూ నెలలు గడిచాయి. "తొందరేమీ లేదు, మేము చూసుకుంటాం" అని ఫీజు తీసుకున్న ఏజెంటు భరోసా ఇచ్చాడు. 2024 ఏప్రిల్ 11న ఆ అంకె 29,000 అయింది. ఆ తేదీకి ముందు దరఖాస్తు పెట్టినవారికి పాత లెక్క, తర్వాత పెట్టినవారికి కొత్త లెక్క. వీరి దరఖాస్తు ఏప్రిల్ నెలాఖరున సిద్ధమైంది.

ఆ పిల్ల నికాహ్ అయిన నాటి నుంచి తల్లిగారింట్లోనే ఉంది.

ఈ అంకె వెనుక ఉన్న కథను పాఠకులు తెలుసుకోవాలి. 2012 జూలైలో బ్రిటన్ ప్రభుత్వం మొదటిసారి 18,600 పౌండ్ల గీత గీసింది. దాని మీద బాధితులు కోర్టుకెళ్లారు. 2017 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు గీత గీయడం చట్టబద్ధమేనని చెబుతూనే, పిల్లల మేలును తగినంతగా పట్టించుకోలేదని ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. పిల్లల మాట అలా ఉండగానే, 2023 డిసెంబరులో అప్పటి హోం మంత్రి జేమ్స్ క్లెవర్లీ ఈ అంకెను ఏకంగా 38,700 చేస్తామని ప్రకటించాడు. గగ్గోలు పుట్టడంతో అంచెలంచెలుగా పెంచుతామని చెప్పి, మొదటి అంచెగా 29,000 దగ్గర నిలిపారు. తర్వాత వచ్చిన లేబర్ ప్రభుత్వం పెంపును ఆపి, వలస సలహా సంఘానికి అప్పగించింది. కుటుంబాల విషయంలో 38,700 తగదని, ఇప్పుడున్న దానికంటే తక్కువ అంకెలను కూడా పరిశీలించవచ్చని ఆ సంఘం 2025 జూన్‌లో చెప్పింది. నేనిది రాస్తున్న నాటికి అంకె మాత్రం 29,000 దగ్గరే ఉంది.

ఒక చిన్న గుణకారం చేద్దాం, నా వృత్తి అదే కదా. 2024 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో పెద్దవారికి కనీస వేతనం గంటకు 11 పౌండ్ల 44 పెన్నీలు. వారానికి నలభై గంటలు, ఏడాదికి యాభై రెండు వారాలు, ఒక్కరోజు కూడా జీతం నష్టపోకుండా పనిచేస్తే వచ్చేది 23,795 పౌండ్లు. 2025 ఏప్రిల్‌లో వేతనం 12 పౌండ్ల 21 పెన్నీలకు పెరిగింది. ఆ లెక్కన కూడా 25,397. ఇంత సంపాదిస్తే మనిషి బతకవచ్చునని ఆ ప్రభుత్వమే చట్టం చేసింది. ఆ మనిషి భార్యతో కలిసి ఉండటానికి ఇది చాలదని నిబంధన చేసింది కూడా ఆ ప్రభుత్వమే. గోదాముల్లో పెట్టెలు మోయడానికి, వృద్ధాశ్రమాల్లో ముసలివారికి స్నానం చేయించడానికి, రాత్రిళ్లు టాక్సీలు నడపడానికి వీళ్లు కావాలి. వీళ్ల కాపురాలు మాత్రం వద్దు.

వృద్ధుల సంరక్షణ పనికి వెళ్లిన మన అమ్మాయిల సంగతి ఇంతకంటే ఘోరం. 2024 మార్చి 11 నుంచి ఆ వీసా మీద కొత్తగా వెళ్లేవారు భర్తనూ పిల్లలనూ వెంట తీసుకువెళ్లడానికి వీల్లేదు. అక్కడ జీతం ప్రశ్నే లేదు, పూర్తిగా నిషేధమే. 2025 జూలై 22 నుంచి విదేశాల నుంచి ఆ పనికి కొత్తవారిని తీసుకోవడమే ఆపేశారు. ఇతరుల తల్లిదండ్రులకు సేవ చేయడానికి వెళ్లిన తల్లి, తన బిడ్డను ఇక్కడ అమ్మమ్మ చేతిలో పెట్టి వెళ్లింది.

"పన్ను కట్టేవారి మీద భారం పడకూడదు కదా, ఏ దేశానికైనా తన తలుపు మీద హక్కుంటుంది కదా" అని మన చదువుకున్న యువకులే నాతో వాదిస్తారు. తలుపు మీద హక్కుందని నేనూ ఒప్పుకుంటాను. భారం సంగతి మాత్రం కాగితం మీదే తేల్చుకుందాం. భార్యగా వెళ్లిన అమ్మాయికి ఆ వీసా మీద ప్రభుత్వ సంక్షేమ భృతులు తీసుకునే హక్కు లేదు. వైద్యం కోసం ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున, మొదటి వీసాకు మొత్తం 3,105 పౌండ్లు ముందే కట్టాలి. దరఖాస్తు రుసుము వేరు. భృతి ఇవ్వరు, వైద్యానికి ముందే వసూలు చేస్తారు. ఇక భారమెక్కడిది? పైగా అమ్మాయి ఇక్కడ సంపాదిస్తున్న జీతం ఆ లెక్కలోకి రాదు. అక్కడికి వెళ్లి చేయబోయే ఉద్యోగమూ రాదు. మన కొత్తపేట అమ్మాయి బీకాం, ఆమె అనుభవం, ఆమె నెల జీతం ఆ ఫారంలో అక్షరాలా సున్నా.

అదే ఫారంలో ఇంకో వెసులుబాటు ఉంది, చాలామందికి తెలియదు. ఆదాయం లేకపోయినా 88,500 పౌండ్లు పొదుపు చూపితే చాలు. మన డబ్బులో కోటి రూపాయలకు చేరువ. బంజారాహిల్స్ అల్లుడికి ఏ జీతం లేకపోయినా భార్య వెళ్తుంది. సరూర్‌నగర్ అల్లుడు రోజుకు పది గంటలు ఒళ్లు హూనం చేసుకున్నా వెళ్లదు. ఇది దేశ సరిహద్దు రక్షణట!

తెల్లవారిని మాత్రమే తిట్టి ఊరుకుంటే న్యాయం కాదు. మన సోదర దేశాలనుకునే గల్ఫ్ రాజ్యాల దగ్గరికి వస్తాను. ఇది మా ఇంటి కథ కూడా. మా చెల్లెలి భర్త సౌదీలో ఏసీ మెకానిక్. చెల్లెలు, ముగ్గురు పిల్లలు అక్కడే ఉండేవారు. 2017 జూలైలో సౌదీ ప్రభుత్వం కుటుంబ సభ్యుల మీద రుసుము పెట్టింది. తలకు నెలకు వంద రియాళ్లు. ఏటా మరో వంద పెంచుతూ 2020 నాటికి నాలుగు వందలు చేసింది. నలుగురు సభ్యులున్న ఇంటికి చివరి లెక్క ఏడాదికి 19,200 రియాళ్లు, అంటే నాలుగు లక్షల రూపాయల పైమాటే. ఇఖామా పునరుద్ధరణ నాడు కట్టాలి, కట్టకపోతే ఇఖామా లేదు. ఇది పేరుకు రుసుము. పనిచేసేది మాత్రం ఆదాయ పరిమితిలాగే: ఇంత సంపాదన లేనివాడు భార్యాబిడ్డలను ఉంచుకోరాదు. 2018 వేసవిలో చెల్లెలు పిల్లలతో తిరిగి వచ్చేసింది. బావ ఒక గదిలో ఆరుగురితో కలిసి ఉండిపోయాడు.

తెలంగాణలో బడుల్లో తెలుగు తప్పనిసరి చేసిన చట్టం కూడా ఆ ఏడాదే వచ్చింది. ఆరో తరగతిలో చేరిన మేనల్లుడికి అక్షరమాల నేర్పింది నేనే. వాడు "మామూ, 'ఱ' ఎక్కడ వాడతారు?" అని అడిగితే నాకూ జవాబు దొరకలేదు, అది వేరే సంగతి. వాడు ఈ ఏడేళ్లలో తండ్రిని ఎన్నిసార్లు చూశాడో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

కువైట్ ఇంకా ముందుకెళ్లింది. కుటుంబ వీసాకు 2016లో నెలకు 450 దీనార్ల జీతం ఉండాలన్నారు. 2019లో 500 చేశారు. కొంతకాలం వీసాలే ఆపేసి, 2024 జనవరిలో తిరిగి తెరిచినప్పుడు 800 దీనార్లు ఉండాలన్నారు. పైగా విశ్వవిద్యాలయ డిగ్రీ కావాలని కూడా అన్నారు. 800 దీనార్లంటే నెలకు రెండు లక్షల రూపాయలకు పైన. డ్రైవరు, వంటవాడు, ఎలక్ట్రీషియను ఈ గీతను దాటగలరా?

ఈ సందర్భంలో మన కేంద్ర ప్రభుత్వం చేసిన నిర్వాకాన్ని మరిచిపోకూడదు. విదేశాలకు వెళ్లే కార్మికులకు ఇంత తక్కువ కాకుండా జీతం ఉండాలని మన విదేశాంగ శాఖ కనీస వేతనాలు నిర్ణయిస్తుంది. 2020 సెప్టెంబరులో, కరోనా కాలంలో, మన ప్రభుత్వమే ఆ వేతనాలను తగ్గించింది. యూఏఈ, ఖతర్, బహ్రెయిన్, ఒమన్‌లకు 200 డాలర్లు, కువైట్‌కు 245, సౌదీకి 324. తెలంగాణ నుంచే దాని మీద పోరాటం మొదలైంది, విషయం మన హైకోర్టు దాకా వెళ్లింది, 2021 జూలైలో ఆ తగ్గింపును వెనక్కి తీసుకున్నారు. రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. మన ప్రభుత్వం మన కార్మికుడి విలువ 245 డాలర్లన్నది. అదే కువైట్ ఇప్పుడు, నీ భార్య రావాలంటే నీ విలువ దాదాపు 2,600 డాలర్లుండాలంటున్నది. ఈ రెండు అంకెల మధ్యనున్న అగాధంలోనే మన చెల్లెళ్ల వయసు కరిగిపోతున్నది.

పిల్లల హక్కుల ఒడంబడిక పదో అధికరణం, తల్లిదండ్రులతో బిడ్డ కలిసి ఉండటం కోసం పెట్టే దరఖాస్తులను సానుకూలంగా, మానవీయంగా, త్వరగా పరిష్కరించాలంటుంది. దాన్ని భారత్, బ్రిటన్, సౌదీ, కువైట్ అన్నీ ఆమోదించినవే. వలస కార్మికుల, వారి కుటుంబ సభ్యుల హక్కుల గురించి 1990లో ఐక్యరాజ్యసమితి తెచ్చిన మరో ఒడంబడికను మాత్రం వీటిలో ఒక్కటీ ఆమోదించలేదు, మన దేశంతో సహా. ఇంకొకరిని అడిగే నైతిక బలం ఢిల్లీకి ఎక్కడ నుంచి వస్తుంది? 2025 జూలై 24న బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం కుదుర్చుకున్నారు. విస్కీ మీద సుంకం గురించి మాట్లాడుకున్నారు, కార్ల గురించి మాట్లాడుకున్నారు. యోగా గురువులు, వంటమాస్టర్లు, సంగీత విద్వాంసుల తాత్కాలిక ప్రవేశం గురించి కూడా మాట్లాడుకున్నారు. కుటుంబ వీసా ఆదాయ నిబంధన జోలికి ఆ ఒప్పందం పోలేదు.

ఇక మన ఇంటి వైపు చూసుకుందాం. చేదుగా ఉంటుంది, క్షమించాలి.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దిగి కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నడవండి. వీసా కన్సల్టెన్సీలు ఎన్నో ఉన్నాయి. కొందరు నిజాయితీగానే పనిచేస్తారు. మరికొందరు ఖాతాలో డబ్బు లేనివాడికి కొన్ని వారాలు వడ్డీకి డబ్బు పెట్టి "బ్యాలెన్సు" చూపిస్తారు, లేని జీతానికి చీటీలు పుట్టిస్తారు. వడ్డీ హరామని ఖుత్బాలో విన్న తండ్రే ఆ మధ్యాహ్నం వెళ్లి ఆ కాగితం మీద సంతకం చేస్తాడు. దొరికితే బ్రిటన్ పదేళ్ల పాటు ప్రవేశం నిషేధించవచ్చు. ఏజెంటుకు ఏమీ కాదు. పిల్ల పాస్‌పోర్టు మీద మచ్చ పడుతుంది. అంకె అన్యాయమైనదే, కానీ దొంగ చీటీతో దాన్ని దాటాలనుకోవడం మన బిడ్డనే పణంగా పెట్టడం.

సంబంధాలు చూసేటప్పుడు మన తీరు ఇంకా విడ్డూరం. అబ్బాయి "లండన్‌లో ఉన్నాడు", "కువైట్‌లో ఉన్నాడు" అంటే చాలు, జోడే కీ రఖమ్ ఎంతైనా ఇస్తాం. ఫంక్షన్ హాలు, బిర్యానీ దేగ్‌ల సంఖ్య, బంగారం అన్నీ ముందే మాట్లాడుకుంటాం. అబ్బాయి ఏ వీసా మీద ఉన్నాడు, ఆ వీసాకు భార్యను పిలిపించుకునే హక్కుందా, జీతం అక్కడి గీతకు పైనుందా కిందుందా అని అడగడానికి నోరు రాదు. అడిగితే సంబంధం పోతుందట. నేను గుమాస్తాను, నాకు మొహమాటం తక్కువ. గత ఏడాది ఒక ఇంట్లో అబ్బాయి తరఫువారిని ఆరు నెలల జీతపు చీటీలు చూపమన్నాను. వాళ్లు లేచి వెళ్లిపోయారు. అమ్మాయి తల్లి నాతో మూడు నెలలు మాట్లాడలేదు. తర్వాత తెలిసింది, ఆ అబ్బాయి చదువు వీసా మీదే ఉన్నాడు. 2024 జనవరి నుంచి పరిశోధన విద్యార్థులను, కొన్ని ప్రభుత్వ వేతన కోర్సులవారిని మినహాయిస్తే ఆ వీసా మీద భార్య వెళ్లే వీలే లేదు. ఇప్పుడు ఆమె నన్ను చూసి సలాం చెబుతున్నది.

మన సంఘాలు, జమాఅత్‌లు ఎన్నికలప్పుడు పెట్టే డిమాండ్లలో ఈ విషయాన్ని చేర్చాలి. ఏ దేశంతో కార్మిక ఒప్పందం కుదుర్చుకున్నా అందులో కుటుంబ పునరేకీకరణ అంశం ఉండాలని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి. 1983 నాటి వలస చట్టమే ఇప్పటికీ నడుస్తున్నది. దాని స్థానంలో కొత్త చట్టం కోసం 2019లో ఒకసారి, 2021లో ఒకసారి ముసాయిదాలు వచ్చాయి. ఇంట్లో మిగిలిపోయిన భార్యాబిడ్డల గురించి కొత్త చట్టం ఏం చెప్పాలో మనమే రాసి పంపాలి. రాష్ట్ర ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు విదేశీ విద్య కోసం 20 లక్షల రూపాయల దాకా ఇస్తున్నది, మెచ్చుకోవలసిందే. అదే శాఖ నాంపల్లి హజ్ హౌస్‌లో ఒక బల్ల వేసి, ఏ దేశం వీసాకు నేడు ఎంత ఆదాయం కావాలో తెలుగులో, ఉర్దూలో రాసిన కాగితం ఉచితంగా ఇస్తే ఏజెంట్ల గిరాకీ సగం తగ్గుతుంది. టామ్‌కామ్ వంటి ప్రభుత్వ సంస్థ ఉన్నదే విదేశీ ఉద్యోగాల కోసం. భార్యను తీసుకువెళ్లగల ఉద్యోగమా, కాదా అన్న ఒక్క గడి దాని ప్రకటనల్లో చేర్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

కొత్తపేట అమ్మాయి ఫైలు ఇంకా నా బల్ల మీదే ఉంది. అబ్బాయి రాత్రి పూట రెండో ఉద్యోగంలో చేరాడు. రెండు జీతాలూ కలిపితే 29,000 దాటుతుంది. ఆ రెండూ కనీసం ఆరు నెలలు తెగకుండా చూపాలి, చీటీలూ బ్యాంకు కాగితాలూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. నాలుగు నెలలవి వచ్చాయి. ఇలాంటి ఫైలున్న తల్లిదండ్రులు ఆదివారం అసర్ నమాజు తర్వాత మా మస్జిద్ వరండాకు రావచ్చు. అసలు కాగితాలు ఇంట్లోనే ఉంచి నకళ్లు మాత్రమే తీసుకురండి, అబ్బాయి జీతపు చీటీ మాత్రం మరిచిపోవద్దు.