ఎవరి అక్షరం చెదిరితే విడుదల ఆగాలి?

"చిల్లర దోషాల కోసం విడుదలను ఆపలేం" అన్న మాట ఓపెన్ సోర్సు లోకంలో తరచు వినవస్తుంది. మాట సబబైనదే. అయితే ఏది చిల్లరో తేల్చే తూకపురాళ్ళు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే నా ప్రశ్న.

డెబియన్ లినక్సునే తీసుకోండి. దాని నియమావళి దాపరికం లేనిది, కాబట్టే వాదించడానికి వీలైనది. అక్కడ దోషాల తీవ్రతకు ఏడు మెట్లు. పై మూడు మెట్లలో, అంటే క్రిటికల్, గ్రేవ్, సీరియస్ అనే వాటిలో ఉన్న దోషాలు విడుదలకు అడ్డు నిలుస్తాయి. నాలుగోదైన ఇంపార్టెంట్, దాని దిగువవి అడ్డు రావు. ఇక ఆ నాలుగో మెట్టు నిర్వచనం చూడండి: వాడుకకు పెద్ద ఆటంకమే, కానీ అందరికీ పూర్తిగా పనికిరాకుండా పోయేంతటిది కాదు.

నా తగవంతా ఆ "అందరికీ" అన్న ఒక్క మాటతోనే. వత్తులు విడివడి, గుణింతపు గుర్తులు చుక్కల వలయాలకు వేలాడే ఎడిటరు తెలుగువాడికి దండగ. ఇంగ్లీషు మాత్రమే రాసుకునేవాడికి అది నిక్షేపంలా పనిచేస్తుంది. కనుక "అందరికీ" చెడినట్టు కాదు. కనుక నాలుగో మెట్టు. కనుక విడుదల ఆగనక్కరలేదు. తర్కంలో ఎక్కడా తప్పు లేదు, న్యాయం మాత్రం లేదు.

"మీరు ఎంతమంది?" అని అడిగేవారున్నారు. వారిని నేను తిరిగి అడుగుతాను: దత్తాంశం చెరిగిపోయే దోషానికి తలలు లెక్కపెడుతున్నారా? ఏదో ఒక అరుదైన అమరికలో మాత్రమే ఫైళ్ళు పాడైనా, దానిని గ్రేవ్ అనడానికి ఆ నియమావళే దారి ఇస్తుంది. అక్కడ నష్టపు స్వభావం చూస్తారు, నష్టపోయినవారి సంఖ్య కాదు. రాసుకున్నది చదువుకోలేకపోవడం, ఒక్క అక్షరం చెరపబోతే సంయుక్తాక్షరం మొత్తం ఛిద్రం కావడం నష్టం కాదా? ఒకే కొలబద్ద మన దగ్గరికి వచ్చేసరికి ఎందుకు కురచవుతోంది?

2018 ఫిబ్రవరి సంగతి గుర్తుందా? "జ్ఞా" అన్న అక్షరం, కంటికి కనపడని ఒక యూనికోడ్ సంకేతంతో కలిసి వస్తే ఐఫోనులో అప్లికేషన్లు కుప్పకూలాయి. ఆ నెల 19నే ఐఓఎస్ 11.2.6 పేరిట సవరణ విడుదలైంది. అది ఓపెన్ సోర్సు కాదు, నిజమే. కానీ నీతి అందరికీ వర్తిస్తుంది. తెలుగు అక్షరం తెలుగువాడికి చెడితే చిల్లర, ఊరందరి ఫోన్లనూ పడగొడితే అత్యవసరం!

ఆలస్యానికీ వెల ఉందని నేను కాదనను. డెబియన్ వుడీ 2002 జూలైలో వస్తే, తరువాతి సార్జ్ 2005 జూన్‌కు గాని రాలేదు. స్థిరమైన కూర్పునే నమ్ముకున్నవారు అన్నాళ్ళూ పాత సాఫ్టువేరుతోనే కాలక్షేపం చేశారు. కాబట్టి ప్రతి వంకర వత్తుకూ విడుదలను ఆపమనడం మూర్ఖత్వం. ఖతి అందంగా లేదా? ఆగనక్కరలేదు. అనువాదం సగమే అయిందా? ఆగనక్కరలేదు. కొత్తగా చేర్చిన సౌకర్యం కుంటుతోందా? దానిని తీసేసి ముందుకు సాగవచ్చు.

నేను అడిగేది ఒక్కటే. గత కూర్పులో చక్కగా చదవగలిగిన, రాయగలిగిన లిపి కొత్త కూర్పులో చదవడానికో రాయడానికో వీలులేకుండా పోతే, ఆ లిపి ఎవరిదైనా సరే, విడుదల ఆగాలి. ఇందుకు నియమావళిని తిరగరాయనక్కరలేదు. విడుదల నిర్వాహకులు తగదని భావించిన దోషాన్ని సీరియస్‌గా ఎంచే అధికారం వారికి ఇప్పటికే ఉంది. అలాంటి దోషాన్ని ఈ విడుదలకు మాత్రం పక్కన పెడుతున్నామని ముద్ర వేసే పద్ధతీ ఉంది. పక్కన పెడితే అలా ముద్ర వేసి, నలుగురికీ తెలిసేలా పెట్టమనండి. నాలుగో మెట్టు చీకట్లోకి తోసేయడం కంటే అది నిజాయితీ.

మన పూచీ కూడా ఉంది సుమండీ. విడుదలకు ముందు మార్పులు నిలిపివేసే ఫ్రీజ్ దశలో మనం మౌనంగా ఉండి, విడుదలయ్యాక బ్లాగుల్లో శాపనార్థాలు పెడితే ప్రయోజనం లేదు. ఆ దశలోనే "స్త్రీ", "రాష్ట్రం", "జ్ఞానం" అని టైపు చేసి చూడండి. భద్రపరచి, మూసి, మళ్ళీ తెరవండి. చెరపండి, వెతకండి, అచ్చు తీయండి. చెదిరితే పాత కూర్పు తెర, కొత్త కూర్పు తెర పక్కపక్కన పెట్టి ఫిర్యాదు రాయండి. తీవ్రత ఏమిటని అడిగితే మొహమాటపడకండి. మూడో మెట్టు అడగండి.

"అందరికీ" అన్న మాటలో మనమూ ఉన్నామని మనమే చెప్పకపోతే, మన తరఫున చెప్పేవారెవరు?