నలుబదియైదేండ్ల ముదుసలి

నరసరావుపేట బడిలో నా వద్ద తెలుగు చదివిన శిష్యుడొకడు ఇరవై రెండేళ్ళు ప్రోగ్రాములు వ్రాసి, ఉద్యోగం పోగా, నలభై ఐదవ యేట మళ్ళీ దరఖాస్తులు పెడుతున్నాడు. ఒక సంస్థవారు ఇంటర్వ్యూలో అడిగిన మొదటి ప్రశ్న: "డిగ్రీ ఏ సంవత్సరంలో పూర్తయింది?" రెండవ ప్రశ్న లేదు.

ఇది వీడొక్కడి గోడు కాదు. 2025 జూలైలో టీసీఎస్ పన్నెండు వేల మందికి పైగా తొలగిస్తామని ప్రకటించినప్పుడు, అందులో ఎక్కువమంది మధ్య, పై స్థాయులవారే.

ఇదేమి న్యాయం? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో తన ఉద్యోగుల విరమణ వయస్సును 62కు పెంచింది. బడిలో పాఠం చెప్పడానికి అరవై దాటినా పనికివచ్చే బుద్ధి, కంప్యూటరు ముందు నలభైకే మొద్దుబారుతుందా? కొత్త విద్య రాదనుకుంటే పరీక్ష పెట్టి చూడండి. పుట్టిన తేదీ చూసి తీర్పు చెప్పకండి. జీతం ఎక్కువ అడుగుతాడన్నదే అసలు భయమైతే ఆ మాటే అనండి. వయస్సు మీదికి నెట్టకండి.

అమెరికా 1967లోనే నలభై దాటినవారికి ఈ వివక్షనుండి రక్షణగా చట్టం చేసింది. మన రాజ్యాంగపు 16వ అధికరణం మతం, కులం, లింగం వంటివి పేర్కొన్నది గాని వయస్సును పేర్కొనలేదు. పైగా అది ప్రభుత్వోద్యోగాలకే. ప్రైవేటు కొలువుల్లో ఈ అన్యాయానికి అడ్డుకట్ట ఏది? అటువంటి చట్టం మనకూ కావాలి.

బాలచంద్రుని శౌర్యాన్ని పాడుకునే పల్నాటివారమే మేము. అయినా బ్రహ్మనాయుడు లేని పల్నాటి కథను ఎవరైనా విన్నారా?