కాపీరైట్ లేదు కాబట్టి వాడేసుకోవచ్చా?

మా టీములో ఒక ఇంటర్నల్ టూలుకి లోగో కావాల్సొచ్చింది. ఎవరో నెట్లోంచి ఓ కుందేలు బొమ్మ పట్టుకొచ్చారు. తెలుపు మీద నల్ల గీతలు, ఒంటి మీద గళ్ళు... భలే ఉంది. "వెయ్యేళ్ళ నాటిది, కాపీరైట్ గొడవ లేదు" అన్నారు. నేనూ తలూపేశాను. తర్వాత ఊరుకోలేక అదెక్కడిదో వెతికాను. చిక్కంతా అక్కడే వచ్చింది.

అది అమెరికాలోని న్యూమెక్సికోలో, మింబ్రెస్ నది లోయలో దొరికిన గిన్నె మీది బొమ్మ. క్రీ.శ. 1000-1130 మధ్యవి అవి. సారె లేదు. మట్టిని తాళ్ళలా పేని, చుట్టలు చుట్టలుగా పేర్చి, గీకి నున్నగా చేసేవాళ్ళు. బొమ్మలు వేసేది గిన్నె లోపల! కుందేళ్ళు, చేపలు, కొంగలు, అంచు చుట్టూ సన్నటి గీతలు. ఒంపు తిరిగిన గోడ మీద, అన్‌డూ బటన్ లేకుండా, అంత తిన్నగా ఎలా గీశారో! (ప్యూబ్లో కుమ్మరులు ఇప్పటికీ యక్కా ఆకు కొస నమిలి కుంచె చేసుకుంటారు.)

చాలా గిన్నెలకి అడుగున కన్నం ఉంటుంది. తవ్వేటప్పుడు పడింది కాదు. మనిషి పోతే ఇంటి నేల కిందే పాతిపెట్టి, గిన్నెకి కావాలనే చిల్లు కొట్టి, ముఖం మీద బోర్లించేవాళ్ళు. నాకు మన శ్మశానంలో చిల్లులు పెట్టి పగలగొట్టే కుండ గుర్తొచ్చింది. ఆ కుండని "షేపు బావుంది" అని ఎవడైనా టీషర్టు మీద వేసుకుంటే?

వీటి కోసం 1960, 70ల్లో దొంగలు బుల్డోజర్లు పెట్టి పాత ఊళ్ళని దున్నేశారు. అంతకుముందే, 1930ల్లో, శాంటా ఫే రైల్వే సూపర్ చీఫ్ రైల్లో భోజనం ప్లేట్ల మీద మేరీ కోల్టర్ ఈ బొమ్మలే వేయించింది. అంటే మా లోగో ఐడియా కొత్తదేం కాదన్నమాట.

"ఆకోమా ప్యూబ్లో ఆవిడ లూసీ లూయిస్ కూడా తన కుండల మీద ఇవే వేసింది కదా" అన్నాడు మావాడొకడు. వేసింది. కానీ ఆకోమా వాళ్ళు ఆ పాతకాలం వాళ్ళని తమ పూర్వీకుల్లో లెక్కేసుకుంటారు. తాతగారి ఫోటో మనవరాలు గోడకి తగిలించుకోవడం, ఎవరో అగ్గిపెట్టె మీద అచ్చేసుకోవడం ఒకటేనా?

1990 నాటి చట్టం వల్ల, ఫెడరల్ డబ్బు తీసుకునే మ్యూజియంలు సమాధుల్లోని వస్తువుల్ని వారసులైన తెగలకి తిరిగివ్వాల్సి వస్తోంది. గిన్నెకైతే ఆ దారి ఉంది, బొమ్మకి లేదు. మనం జీపీఎల్, అపాచీ లైసెన్సుల్లో ఒక్కో లైను పట్టుకుని కొట్టుకుంటాం. (ఆ 'అపాచీ' పేరు మార్చమని 2023లో నేటివ్స్ ఇన్ టెక్ వాళ్ళు అడిగారు, అది వేరే టపా.) ఇక్కడ లైసెన్సు ఫైలు లేదు కాబట్టి ఫ్రీ అనుకోవడం నాకైతే బద్ధకం అనిపిస్తుంది.

లోగో మార్చమని మెయిలు పెట్టాను. "ఎవరడుగుతారు బాస్?" అని జవాబు. నేనడుగుతున్నా అన్నాను. ప్రస్తుతానికి కుందేలు పోయి నీలం డబ్బా ఒకటి వచ్చింది, పరమ చెత్తగా ఉంది. బొమ్మలు గీసేవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.